సోమవారం నుంచి గిటారు

పని చెయ్యకుండా ఉండటానికి మనిషి కనిపెట్టిన మార్గాలన్నింటిలోకీ ప్రణాళిక ఉత్తమమైనది. సోమరితనానికి కనీసం చెడ్డపేరైనా ఉంది. ప్రణాళికకు అదీ లేదు. పడుకున్నవాణ్ణి ఎవరో ఒకరు తిట్టి లేపుతారు. ప్రణాళిక వేసుకుంటున్నవాడి గదిలోకి మాత్రం ఇంటిల్లిపాదీ మునివేళ్ళ మీద నడిచివెళ్ళి, కాఫీ కప్పు చప్పుడు కాకుండా పెట్టి వస్తారు. ఈ సత్యాన్ని లోకానికి చాటే అధికారం నీకెక్కడిదని మీరు అడగవచ్చు. మా ఆయన గిటారు నేర్చుకుంటున్నారు. ఎవరి దగ్గరా కాదు, తనంతట తానే.

("నేర్చుకుంటున్నారు" అనడం నిజానికి తప్పు. ఆయన ప్రకారం ప్రస్తుతం నడుస్తున్నది సన్నాహక దశ. కానీ ఫోన్లో చుట్టాలకి "సన్నాహక దశలో ఉన్నారండీ" అని చెబితే, ఏ ఆస్పత్రిలో అని అడుగుతున్నారు.)

మా ఆయన పనిచేసేది ఒక పెద్ద ఆఫీసులో, సమీక్షా విభాగంలో. మిగతా విభాగాలు వేసుకున్న ప్రణాళికలన్నీ ఈ విభాగానికి వస్తాయి. వీళ్ళు వాటిని శ్రద్ధగా చదివి, "దీన్ని అమలు చెయ్యడానికి ప్రణాళిక ఏదీ?" అని రాసి వెనక్కి పంపుతారు. వాళ్ళు అదీ వేసి పంపితే, మొదటిదానికీ దీనికీ పొంతన కుదరలేదని రాస్తారు. ఆ ఆఫీసులో చివరికి ఏం తయారవుతుందో పెళ్ళయిననాటి నుంచీ నాకు తెలియదు. ఒకసారి ఉండబట్టలేక ఆయన్నే అడిగాను. అది వేరే విభాగం చూసుకుంటుందన్నారు.

నాది కుట్టుషాపు. మా వృత్తిలో ప్రణాళిక లేదని నేననను. కొలత తీసుకుంటాం, గుడ్డ మీద సుద్దతో గీసుకుంటాం. ఆ తరవాత కత్తెర పెట్టాలి. కత్తెర పెట్టకుండా కొలతలే తీస్తూ కూర్చుంటే ఈలోగా మనిషి లావెక్కుతాడు. ఈ మాట ఆయనతో అంటే, "నీది ఉత్పత్తి రంగం, నాది విధాన రంగం" అని తేల్చేశారు.

అసలు కథ చెవుల డాక్టరు దగ్గర మొదలైంది. మా అత్తగారి కుడిచెవి ఎప్పుడో రాజీనామా చేసింది. ఎడమది నోటీసు ఇచ్చి ఉంది. డాక్టరుగారు మంచివారు. పరీక్ష చేసే గాజుగదిలోంచి ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క మాటే విడదీసి చెప్పారు.

"ఇది తగ్గడమే గానీ పెరగడం ఉండదమ్మా. మిషను పెడితే మాటలు కొన్నాళ్ళు అందుతాయి. పాటలు మాత్రం రేకుడబ్బాలో గులకరాళ్ళు పోసినట్టుంటాయి. ఇష్టమైనవేవైనా ఉంటే ఇప్పుడే వినెయ్యండి."

"వినాల్సినవి చాలావరకు వినేశాను నాయనా," అంది మా అత్తగారు. "కొన్ని వినకుండా ఉంటే ఇంకా బాగుండేది. ఒక్క పాట మిగిలిపోయింది."

ఆ పాట సంగతి చెప్పాలి. మా మావగారు (నేను కాపురానికి వచ్చేసరికే గోడమీది ఫొటో అయిపోయారు) రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, గడ్డం గీసుకుంటూ, ఒకే పాట ఈలవేసేవారట. బుగ్గల దగ్గర పల్లవి. మెడ దగ్గర మొదటి చరణం. సరిగ్గా రెండో చరణం ఎత్తుకోబోయేసరికి కత్తి పై పెదవి మీదికి వచ్చేది. పై పెదవి గీసుకుంటూ ఈల వెయ్యడం మానవమాత్రుడివల్ల కాదు. పాట అక్కడ ఆగేది. గీసుకోవడం అయ్యాక ఆలస్యమైపోయిందంటూ స్నానానికి పరిగెత్తేవారు. మా అత్తగారి కాపురమంతా ఆ పాట పై పెదవి దగ్గరే ఆగిపోయింది.

"ఫోన్లో పెట్టనా అత్తయ్యా? రెండు నిమిషాల పని," అన్నాను ఇంటికొచ్చాక.

"ఫోన్లోవాడు ఊరందరికీ పాడతాడమ్మాయ్. నాకు మనింట్లో వినాలనుంది." ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్, నీ గిటారు ఊరికే పడుంది కదా. మీ నాన్న ఎక్కడ వదిలేశారో నీకు తెలుసు. అక్కణ్ణుంచి చివరిదాకా నువ్వు లాక్కెళ్ళరా. ఈ చెవి కూడా మూతపడేలోగా."

మా ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. ఇందులో వెటకారమేమీ లేదు, ఆయనకి వాళ్ళమ్మంటే ప్రాణం. వెంటనే లేచి బీరువా దగ్గరికి వెళ్ళారు. బీరువా మీద గిటారు ఉంది. పెళ్ళికి ముందు కొనుక్కుని, దానిమీద తనంతట తానే నాలుగైదు పాటల్లో సగాలు నేర్చుకున్నారు. దాన్ని దించుతారనుకుని నేను స్టూలు తెచ్చాను. ఆయన బీరువా తలుపు తెరిచి లాప్‌టాప్ తీశారు.

"గృహ గిటారు సాధనా సమగ్ర ప్రణాళిక" ఆ వారాంతానికే సిద్ధమైంది. పగవాడికైనా దాన్ని చూస్తే ముచ్చటేస్తుంది. గళ్ళు, రంగులు, దశలు, ఉపదశలు. వేళ్ళ కసరత్తుకి పచ్చరంగు. తీగలమీద వేళ్ళని ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకి మార్చడానికి పసుపు. తాళానికి నీలం. సమీక్షకీ ఆత్మపరిశీలనకీ కలిపి ఊదా. పాట ఎక్కడుందని అడిగాను. మొదటి వరుస పరిచయార్థం సోమవారంలోనే పెట్టారట. మిగతా పాటంతా మూడో దశలో, బూడిదరంగులో ఉంది. బూడిదరంగంటే పరిశీలనలో ఉన్నట్టు.

దాన్ని ప్రింటు తీసి వాళ్ళమ్మకి చూపించారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా చివరిదాకా చదివింది. చివర్లో "ముగింపు సభ, కృతజ్ఞతా ప్రసంగం" అని ఉంది.

"ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం," అని కాగితం తిరిగి ఇచ్చేసింది.

ప్రణాళికకి మూలసూత్రం ఒక్కటే. దాన్ని ఆయన లావుపాటి అక్షరాల్లో పెట్టారు. "క్రమము తప్పినచో పునాది దెబ్బతినును. పునాది దెబ్బతినినచో మరల సోమవారము నుండి ప్రారంభించవలెను." వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడండి. చిక్కల్లా మంగళవారంతో వచ్చింది. మంగళవారం వాళ్ళ ఆఫీసులో పెద్ద సమీక్ష. ఇంటికొచ్చేసరికి మనిషి పిండి ఆరేసిన గుడ్డలా ఉంటారు. క్రమం తప్పుతుంది. పునాది దెబ్బతింటుంది. ఇక బుధవారం నుంచి ఆదివారం దాకా గిటారు ముట్టుకోవడం నిబంధనలకి విరుద్ధం. (ఒక గురువారం దుమ్ము దులుపుతూ నేను పొరపాటున తీగకి చెయ్యి తగిలించాను. "ఫర్వాలేదులే, అది లెక్కలోకి రాదు" అని పెద్దమనసుతో క్షమించారు.)

దీనివల్ల మా ఇంట్లో సోమవారం అద్భుతంగా తయారైంది. గిటారు పట్టుకుని నిటారుగా కూర్చోవడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. శ్రుతి చెయ్యడంలో అంతకన్నా లేరు. గిటారు తలమీది బిరడా తిప్పి, తీగ మీటి, చెవి ఆనించి విని, అబ్బే అని తలూపి, మళ్ళీ తిప్పేవారు. అత్తగారు కుర్చీ లాక్కుని, ఉన్న ఒక్క చెవినీ అటువైపు పెట్టి కూర్చునేది. శ్రుతి అయ్యాక పాట మొదటి వరుస వచ్చేది. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆ ఒక్క వరుసా తేనెలా ఉండేది. అది అవగానే ఆయన గిటారు పక్కన పెట్టి, లాప్‌టాప్‌లో ఒక గడికి టిక్కు పెట్టేవారు.

"తరవాతదిరా?" అనేది అత్తగారు.

"అది సోమవారంలో లేదమ్మా."

మా పైవాటా ఆయనకి కూడా ఆ వరుస వచ్చేసింది. పొద్దున్నే ఈలవేస్తూ మెట్లు దిగుతారు. వరుస అయిపోగానే ఈల ఆగిపోతుంది. మెట్లు ఇంకా మిగిలే ఉంటాయి. మిగతావి మౌనంగా దిగుతారు, పాపం.

తనంతట తాను నేర్చుకోవడంలో పాలనాపరమైన ఇబ్బంది ఒకటుంది. గురువూ శిష్యుడూ ఒకరే కావడం. వాళ్ళ ఆఫీసులో ఇలాంటిది బయటపడితే విచారణ వేస్తారట. అందుకని మా ఆయన రెండు పదవుల్నీ విడదీశారు. హాల్లో సోఫాలో కూర్చుంటే గురువు. కిటికీ పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే శిష్యుడు. వేలి కొసలు మంటపుడితే శిష్యుడు కుర్చీలోంచి సెలవు అడిగేవాడు. ఆయనే లేచి సోఫాలోకి వెళ్ళి, కాలుమీద కాలు వేసుకుని ఆలోచించి, కుదరదనేవారు. తిరిగొచ్చి కుర్చీలో నొచ్చుకునేవారు.

"ఈమధ్య గురువుగారికి బొత్తిగా జాలి లేకుండా పోయింది," అన్నారు ఒకరోజు భోజనాల దగ్గర, ముఖం మాడ్చుకుని.

"ఒకసారి నేరుగా కూర్చుని మాట్లాడుకోకూడదూ?" అన్నాను.

"ఇద్దరి మధ్యా మాటల్లేవు."

(చివరికి మధ్యవర్తిగా నన్ను వేశారు. నా సిఫార్సు మీద శిష్యుడికి సెలవు మంజూరైంది. ఆ సెలవులో ఇద్దరూ కలిసి సినిమాకి వెళ్ళొచ్చారు. టిక్కెట్టు ఒకటే తీసుకున్నారు.)

ఫోన్లో ఒక యాప్ కూడా పెట్టుకున్నారు. దాని పేరు సాధనసఖి. పొద్దున్నే మోగుతుంది. తెరిస్తే, "ఈరోజు మీరు సాధన గురించి ఆలోచించారు. శభాష్!" అంటుంది. దానికొక నక్షత్రం. ప్రణాళిక వేసుకుంటే ఒక నక్షత్రం, దాన్ని మార్చుకుంటే రెండు. పాట వాయిస్తే ఏమిస్తుందని అడిగాను. ఆ భాగం ఇంకా తయారీలో ఉందట. అది ఇంట్లో శబ్దాలు విని మార్కులు కూడా వేస్తుంది. ఒక పొద్దున వంటింట్లో కుక్కర్ కూత విని, "స్వరం నిలకడగా ఉంది, శ్వాస మీద మీ అదుపు మెచ్చదగినది" అంది. ఆ నెల మా ఇంట్లో ఎక్కువ నక్షత్రాలు కుక్కర్‌కే వచ్చాయి.

ఆ నెలాఖరున ఆయన ప్రగతి సమీక్ష పెట్టారు. హాల్లో నన్నూ వాళ్ళమ్మనీ సోఫాలో కూర్చోబెట్టి, టీవీ తెరమీద గ్రాఫులు చూపించారు. సోమవారాల విషయంలో లక్ష్యాన్ని మించిపోయామన్నారు. మంగళవారాల విషయంలో కొంత వెనకబాటు ఉందనీ, అది మన చేతుల్లో లేని కారణాలవల్లననీ అన్నారు. నేను చెయ్యెత్తాను. ప్రశ్నలకి చివర్లో సమయం ఉంటుందన్నారు. చివర్లో సమయం అయిపోయిందన్నారు. అత్తగారు ఆసాంతం శ్రద్ధగా చూసి, "ఏ ఊరి వాతావరణం రా ఇది? వానలున్నాయా?" అని అడిగింది.

ఈలోగా చెవి మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. దానికి సోమవారాలూ లేవు, సన్నాహక దశలూ లేవు. పిలిస్తే రెండోసారికి పలికే మనిషి మూడోసారికి పలకడం మొదలుపెట్టింది. తరవాత ఎదురుగా వెళ్ళి నిలబడితే గానీ పలకడం లేదు. మిషను తెప్పించాం. అది పనిచెయ్యాలంటే ముందు ఫోన్లో నమోదు చేసుకోవాలట. పెట్టుకునే మనిషే, రికార్డు గొంతు చెప్పే అంకెలు విని, స్వయంగా నొక్కాలి. కోడలు నొక్కితే చెల్లదు. "మీకు వినపడనట్లయితే తొమ్మిది నొక్కండి" అని ఆ గొంతు ఎంతో వినయంగా చెప్పింది. పక్కనున్న నాకు వినపడింది.

డాక్టరుగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళి, మిషను నమోదు అక్కడ చేయించుకున్నాం. ఆయన ఈసారి కాగితాలు పక్కన పెట్టి, ముఖం దగ్గరగా తెచ్చి మాట్లాడారు.

"పెదాల్ని చూసి మాట పట్టుకోవడం అలవాటు చేసుకోండమ్మా. కష్టమేం కాదు. మీ ఇంట్లో ఎక్కువసార్లు అనే మాటలే ముందు పట్టుబడతాయి. వాటితో మొదలుపెట్టండి."

ఆవిడ ఆటోలోనే మొదలుపెట్టేసింది. దానికి గళ్ళూ రంగులూ వేసుకోలేదు. డ్రైవరు ముఖం అద్దంలో చూస్తూ, అతను ఫోన్లో ఎవరినో తిడుతున్నాడని నాకు చెప్పింది. ఇంటికొచ్చాక టీవీలో వార్తలు శబ్దం తీసేసి చూడటం మొదలుపెట్టింది. అలా చూస్తేనే బాగా అర్థమవుతున్నాయంది.

ఒక ఆదివారం మా ఇంటికి సమాఖ్య వచ్చింది. స్వయంశిక్షిత గిటారు సాధకుల సమాఖ్య అని, తమంతట తాము నేర్చుకునేవాళ్ళంతా కలిసి పెట్టుకున్నది. (ఎవరి సాయమూ లేకుండా నేర్చుకోవడానికి ఇంతమంది సాయం కావాలని నాకు అప్పుడే తెలిసింది.) అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. అందరూ ఆయన్ని "ప్లానన్న" అంటారు. ఆయన గిటారు విన్నవాళ్ళెవరూ లేరు గానీ, ఆయన ప్రణాళికలు చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారట. వచ్చినవాళ్ళందరి వీపులమీదా నల్లటి సంచుల్లో గిటార్లున్నాయి. సంచుల్ని గోడకి వరసగా ఆనించి, అందరూ లాప్‌టాప్ చుట్టూ మూగారు.

"ఇదిగో, మంగళవారం దగ్గర నీకు గండి పడుతోంది తమ్ముడూ," అన్నాడు ప్లానన్న, తెరమీద పిప్పిపన్ను చూపిస్తున్నట్టు వేలు పెట్టి. "మంగళవారాన్ని సోమవారంలో కలిపెయ్. అప్పుడు తప్పితే సోమవారమే తప్పుతుంది. మళ్ళీ సోమవారం నుంచే మొదలు కాబట్టి, అసలు తప్పనట్టే."

ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఇంకొకాయన దాన్ని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.

అంతలో అత్తగారు లోపల్నుంచి వచ్చింది. గోడకి ఆనించిన సంచుల్ని చూసేసరికి ఆవిడ ముఖం చేటంత అయింది. గబగబా కుర్చీ లాక్కుని వాళ్ళ ఎదురుగా కూర్చుంది.

"ఇంతమంది వచ్చారు, ఎవరైనా ఏదైనా వాయించండి నాయనా. కాస్త గట్టిగా."

ఒకాయన తన గిటారుకి కొత్త తీగలు వేశాననీ, అవింకా కుదురుకోలేదనీ అన్నాడు. ఇంకొకాయన మొన్ననే గోళ్ళు తీసేసుకున్నాడట. ప్లానన్న గొంతు సవరించుకుని, "అమ్మా, ఇవాళ్టి సమావేశం అజెండాలో వాయించడం లేదండీ" అన్నాడు.

ఆవిడ అందరి పెదాల్నీ వరసగా చూసింది. ఎంతవరకు పట్టుకుందో నాకు తెలియదు.

"ఆడలేక మద్దెల ఓడన్నారట," అంది లేస్తూ. "వీళ్ళు మద్దెలని సంచిలోంచే తియ్యలేదు."

ఆ సాయంత్రం వాళ్ళు వెళ్ళాక నాకు నిజంగానే ఒళ్ళు మండింది. ఖాళీ కప్పులు ఎత్తుతూ ఎత్తుతూ ఆగిపోయాను.

"ఏమండీ, అత్తయ్య చెవి రోజురోజుకీ పోతోంది. మీ గళ్ళకి రోజురోజుకీ రంగులు వస్తున్నాయి. రెండూ ఈ ఇంట్లోనే జరుగుతున్నాయి. మీకు కనపడట్లేదా?"

ఆయన లాప్‌టాప్ మూత దించారు. తరవాత, "రెండో చరణంలో ఎఫ్ ఉంది" అన్నారు.

ఎఫ్ అంటే గిటారు మీద ఒక పట్టు. చూపుడువేలిని అడ్డంగా పడుకోబెట్టి తీగలన్నిటినీ ఒక్కసారే నొక్కి ఉంచాలి. అది నొక్కి ఉంచి మిగతా వేళ్ళతో ఇంకో పని చెయ్యాలి. తమంతట తాము నేర్చుకునేవాళ్ళలో సగం మంది ఆ పట్టు దగ్గరికి వచ్చాక గిటారుని బీరువా ఎక్కిస్తారట. మిగతా సగం మంది ప్రణాళిక వేసుకుంటారు.

"అది నాకు పడదు. ఎన్నడూ పడలేదు. బుర్రుమంటుంది," అన్నారు, ఎడమచేతి వేళ్ళ వైపు చూసుకుంటూ. "అమ్మ ఈ జన్మకి ఆఖరుగా వినే పాట అది. అది కూడా నా చేతిలో బుర్రుమంటే?"

నా కోపమంతా దిగిపోయి జాలి వేసింది. ఆ జాలిలోంచి మళ్ళీ కోపం వచ్చింది.

"బుర్రుమననివ్వండి. ఆవిడ బాగా వాయించమని అడగలేదు. చివరిదాకా వాయించమని అడిగింది. రేపు కూర్చోండి, అయిపోతుంది."

"నిజమే," అన్నారు. ఆ మాట ఎంత మనస్ఫూర్తిగా అన్నారో, నాకు గుండె బరువు దిగిపోయింది. "రేపు సోమవారమే కదా. అత్యవసర ప్రణాళిక వేస్తాను."

అన్నమాట నిలబెట్టుకున్నారు. ఇల్లు అంటుకున్నాక బావి తవ్వినట్టు అంటారు. మా ఆయన తవ్వలేదు. బావికి నమూనా గీసి, పలుగూ పారా ఏ రంగులో ఉండాలో తేల్చారు. అత్యవసరం కాబట్టి అంతా ఎరుపే. అందులో ఎఫ్‌కి ఒక దశ మొత్తం కేటాయించారు. దానికి ముందు "ఎఫ్‌కి మానసిక సంసిద్ధత" అని ఇంకో దశ. ఆ దశలో గిటారు అవసరం లేదు. కళ్ళు మూసుకుని ఎఫ్‌ని ఊహించుకోవాలి. (ఊహలో కూడా బుర్రుమంటోందని శిష్యుడు మొరపెట్టుకుంటే, మళ్ళీ సోమవారం నుంచి ఊహించమన్నారు గురువుగారు.)

ఇలా ఉండగా ఒక సాయంత్రం నేను షాపు మూసి ఇంటికొచ్చేసరికి, మా ఆయన గుమ్మం బయట మెట్టుమీద కూర్చుని ఉన్నారు. ఆఫీసు సంచి ఒళ్ళో ఉంది. తాళంచెవి ఆఫీసులో మర్చిపోయారట.

"అత్తయ్య లోపల లేదా?"

"ఉంది," అని కిటికీ వైపు చూపించారు.

కిటికీలోంచి చూశాను. అత్తగారు మాకు వీపు పెట్టి, బెల్లు ఉన్న గోడ పక్కనే కూర్చుని, ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మా ఆయన లేచి, నా ముందే బెల్లు నొక్కి అలాగే పట్టుకున్నారు. మా బెల్లు మహా గోల. కొడితే పైవాటా వాళ్ళు కూడా తలుపు తీస్తారు. అత్తగారు ఒక తువ్వాలు మడిచింది. దానిమీద ఇంకో తువ్వాలు మడిచి పెట్టింది. చెయ్యి పెట్టి రెండూ సాపు చేసింది.

"చాలాసేపటి నుంచి కొడుతున్నాను," అన్నారు మా ఆయన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

నేను తాళం తీశాను. ఆయన బూట్లు కూడా విప్పకుండా లోపలికి వెళ్ళి గిటారు అందుకున్నారు. లాప్‌టాప్ సంచిలోనే ఉండిపోయింది. దొరికిన కుర్చీలో కూర్చున్నారు, అది గురువుదో శిష్యుడిదో చూసుకోలేదు. నడుం నిటారుగా పెట్టలేదు. శ్రుతి సరిచూసుకోలేదు. జేబులో సాధనసఖి ఏదో అనబోయింది. నేను ఫోన్ లాగి సోఫా దిండు కింద పెట్టి, దిండు మీద కూర్చున్నాను. అత్తగారు కొడుకు చేతిలో గిటారు చూసి బట్టలు పక్కకి నెట్టింది. మిషను చెవిలో పెట్టుకుని, అలవాటుగా, ఎడమచెవి అటువైపు తిప్పింది.

ఆయన వాయించారు. మొదటి వరుస ఎప్పటిలాగే వచ్చింది. రెండో వరుసలో వేలు జారింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ మొదలుపెడతారనుకున్నాను. వెళ్ళలేదు. మొదటి చరణం కుంటుకుంటూ గడిచింది. ఒక తీగ శ్రుతి తప్పి మూలుగుతోంది. మావగారి పై పెదవి దగ్గరికి వచ్చేసరికి ఎఫ్ బుర్రుమంది. మామూలుగా కాదు, సగం తీగలు మూగబోయాయి. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని దానిమీంచే నడిచి అవతలికి వెళ్ళిపోయారు. ఆ ఇంట్లో అంతవరకు ఎవరూ వినని రెండో చరణం హాల్లోకి వచ్చింది. అంత అధ్వాన్నంగా ఆ పాటని ఎవరూ వాయించి ఉండరు. నేను దిండుమీద కూర్చుని ఏడ్చాను, దాచుకోవడానికేముంది. చివరి మీటు మీటి, తీగలమీద అరచెయ్యి ఆనించి, ఆయన కళ్ళు తెరిచారు.

మా అత్తగారు ఇంకా కొడుకు వేళ్ళ వైపే చూస్తోంది. ప్రతి సోమవారం చూసినట్టే, ఓపిగ్గా, తొందరేం లేదన్నట్టు.

"శ్రుతి చేసుకోవడం అయిందా నాన్నా?" అంది. "ఇంక పాట ఎప్పుడు మొదలుపెడతావురా?"

ఆయన నా వైపు చూశారు. మళ్ళీ వాళ్ళమ్మ వైపు తిరిగి, గొంతు పెంచకుండా, "సోమవారం" అన్నారు.

ఆవిడ సరేనని తలూపి, మిషను తీసి డబ్బాలో పెట్టేసుకుంది. ఆ మాట వినపడక్కర్లేదు. మా ఇంట్లో పెదాల్ని చూసి ఆవిడ ఒక్కసారీ పొరపాటు పడకుండా పట్టుకోగలిగిన మొట్టమొదటి మాట అదే.